ఉత్తుత్తి గుడ్డు

మావాడు డబ్బా మూత తీసి చూపించగానే నాకు జగ్గన్నతోట తీర్థంలో పూసల దుకాణం గుర్తొచ్చింది. నారింజ రంగువి, గులాబీ రంగువి, పాలిపోయిన పసుపువి. మిరియపు గింజంత నుంచి శనగ గింజంత దాకా, ఏ గడిలోవి ఆ గడిలో పోసి ఉన్నాయి.

"మనవరాలికి గొలుసు గుచ్చుతావట్రా?" అన్నాను.

"కాదు నాన్నా, ఇవి సాల్మన్ గుడ్లు. ఉత్తుత్తివి. రేపు వీటితోనే చేపలు పట్టబోయేది" అన్నాడు.

2024 జనవరి సంగతిది. కోనసీమలో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. సంక్రాంతి వెళ్లిన శనివారం, అమెరికాలో, చలికి చేపలు పట్టడానికి బయల్దేరతానని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. అసలు మావాడు నన్నెందుకు రమ్మన్నాడో నాకు తెలుసు. వాడింటికి వచ్చి రెండు నెలలైనా మేమిద్దరం పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు. 2021 మేలో మా ఆవిడ కరోనాతో పోయింది. వాడు రాలేదు. వస్తే మళ్లీ వెళ్లే దారి లేదు, వీసా ఆఫీసులన్నీ మూసేశారు. ఆ సంగతి నా బుర్రకు తెలుసు. మనసుకు తెలియాలి కదా!

సియాటిల్ నుంచి పడవ మీద కారుతో సహా సముద్రపు పాయ దాటి, పశ్చిమంగా నాలుగు గంటల ప్రయాణం. దారిలో ఎల్వా అనే నది వచ్చింది. దాని మీద ఒకప్పుడు రెండు ఆనకట్టలుండేవట. కరెంటు కోసం, చేపకు దారి వదలకుండా కట్టినవి. 2011లో మొదలుపెట్టి 2014 నాటికి రెండింటినీ పడగొట్టేశారు. "చేపల కోసమే?" అని నోరెళ్లబెట్టాను. కాటన్ దొర విగ్రహానికి దండ వేసి పెరిగినవాణ్ణి నేను. 1852లో ఆయన ధవళేశ్వరం ఆనకట్ట కట్టకపోతే మా ఊళ్లో అన్నమే లేదు. అయినా, ఆనకట్ట దగ్గరకొచ్చి తలబాదుకునే పులస గురించి ఎప్పుడూ ఆలోచించలేదే అనిపించింది.

ఫోర్క్స్ అనే చిన్న ఊరు చేరాం. ఏడాదికి దాదాపు మూడు మీటర్ల వాన పడుతుందక్కడ. చెట్ల కొమ్మలకు కూడా పచ్చటి నాచు గడ్డాల్లా వేలాడుతోంది. ఆ ఊరి పక్కనే బోగషీల్ నది. ఇంకాస్త దూరం పోతే పసిఫిక్ సముద్రంలో కలిసే నీళ్లవి. నాకూ మూడు రోజుల లైసెన్సు కొన్నాడు. ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడిగి, చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దింపాడు. చిన్నప్పుడు వాణ్ణి గోదారి రేవులో నేను దింపినట్టే.

కిటుకంతా అప్పుడు చెప్పాడు. శరదృతువులో సాల్మన్లు సముద్రంలోంచి నది ఎక్కి వస్తాయి. ఆడచేప తోకతో గులకరాళ్లు తవ్వి, వేల గుడ్లు పెట్టి కప్పేస్తుంది. ఆ తర్వాత వచ్చిన చేప మళ్లీ అక్కడే తవ్వితే పాత గుడ్లు లేచి ప్రవాహంలో కొట్టుకుపోతాయి. అవి ఎలాగూ పిల్లలయ్యేవి కావు. కింద కాచుకున్న చేపలకు అదే విందు. చలికాలంలో సముద్రం నుంచి వచ్చే స్టీల్‌హెడ్ అనే చేపకు ఆకలి పెద్దగా ఉండదు గానీ, పిల్లగా ఉన్నప్పటి అలవాటు పోదట. గుడ్డు కనబడితే నోరు తెరుస్తుంది. తాజా గుడ్డు మెరిసే నారింజ రంగు. నీళ్లలో నానిన గుడ్డు పాలిపోతుంది. జనవరిలో పాలిపోయిన పూసే వాడాలి.

పూసను దారానికి ఎక్కించి, పళ్లపుల్ల ముక్కతో బిగించాడు. ముల్లు దానికి అంగుళమో, రెండంగుళాలో కింద. చేప పూసను నోట్లోకి తీసుకుంటే ముల్లు పెదవి పక్కన పడుతుందే గానీ గొంతులోకి దిగదు. నిజం గుడ్లు ఎర వేస్తే చేప మింగేస్తుంది. అందుకే చాలా చోట్ల వాటిని వాడనివ్వరు. ముల్లుకు వెనక్కి తిరిగిన మొన కూడా ఉండకూడదు. ఈకలతో పురుగుల్లాంటి ఎరలు కట్టుకునే పాతకాపులు మాత్రం "పూసతో పట్టడం కూడా ఓ పట్టడమేనా" అని మూతి విరుస్తారట. ఏ ఊళ్లోనైనా ఛాందసులుంటారు!

"అన్నిటికంటే ముఖ్యం నాన్నా, దారం లాగకూడదు. తెగిపోయిన గుడ్డు ఎలా పోతుందో అలా, నీటి వేగంతోనే పోవాలి. మనం పట్టుకున్నామని తెలిసిందో, చేప ముట్టుకోదు."

రెండు గంటలు గడిచాయి. వేళ్లు కొంకర్లు పోయాయి. చేప లేదు. కోడలు కట్టిచ్చిన పులిహోర తింటూ అడిగాను, ఇవి పుట్టిన నదిని ఎలా గుర్తుపడతాయని. "నీటి వాసన" అన్నాడు. రెండు మూడేళ్లు సముద్రంలో తిరిగి, ఆ వాసన పట్టుకుని ఇంటికొస్తాయట.

అప్పుడు నా నోరు జారింది. "చేపకున్న బుద్ధి నీకు లేకపోయింది కదరా!"

వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఫ్లాస్కు మూత బిగిస్తూ, "తిరిగొచ్చిన సాల్మన్ చచ్చిపోతుంది నాన్నా, గుడ్లు పెట్టగానే. మళ్లీ సముద్రం చూడదు. స్టీల్‌హెడ్ అలా కాదు. అన్నీ కాకపోయినా కొన్నయినా సముద్రానికి పోయి, మళ్లీ వస్తాయి. నేను అలా వద్దామనుకున్నాను. అప్పుడు దారి మూసేశారు" అన్నాడు. గొంతు వణికింది. చలికి కాదు.

నాకు ఏమనాలో తోచలేదు. నది వైపు చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం మూడు దాటాక బెండు టక్కున మునిగింది. కర్ర విల్లులా వంగింది. పావుగంట పెనుగులాట. నా చేతికి వల ఇచ్చి "జాగ్రత్త నాన్నా" అన్నాడు. వలలోకి వచ్చిన చేప మోచెయ్యి దాటి ఉంది. వెండి రేకులా మెరుస్తోంది. నాకు నోరూరింది, దాచడమెందుకు? పులుసు పెడితే ఎన్ని ముక్కలవుతాయో లెక్కలు మాస్టారి బుర్ర లెక్కేసేసింది.

వాడు మాత్రం తోకకు ముందు వీపు మీద వేలు పెట్టి చూపించాడు. గోరంత రెక్క. చేపల కేంద్రంలో పెంచి వదిలినవాటికి ఆ రెక్క కత్తిరిస్తారు, వాటిని తీసుకెళ్లొచ్చు. రెక్క ఉందంటే నదిలో పుట్టిన చేప. వదలాల్సిందే. నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తనే కూడదు.

"ఇంత దూరం వచ్చి, ఇంత చలిలో, చేతికొచ్చినదాన్ని వదిలేస్తావా?"

"దీని కడుపులో గుడ్లుండొచ్చు నాన్నా."

మా ఇంట్లో ఆ మాటకు అర్థం వేరు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మాది. గుడ్లున్న పులస దొరికిందంటే మా ఆవిడ మొహం వెలిగిపోయేది. ఎర్రనీళ్లకు ఎదురీది గుడ్లు పెట్టడానికే పులస వస్తుందని బళ్లో పిల్లలకు చెప్పినవాణ్ణే. గుడ్లున్నందుకు ఎక్కువిచ్చి కొన్నదీ నేనే. అది కూడా గుడ్లు పెట్టాక సముద్రానికి తిరిగి పోయే చేపే. మనం పోనిస్తే.

ముల్లు ఊడదీసి, నా చేతులు పట్టుకుని చేప కింద పెట్టాడు. తల ప్రవాహానికి ఎదురుగా. నీళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. అది రెండుసార్లు మొప్పలాడించింది. మూడోసారి నా అరచేతిని తోసుకుని పోయింది. మా ఇద్దరి చేతులూ కాసేపు అలాగే నీళ్లలో ఉండిపోయాయి.

తిరుగు ప్రయాణంలో వాళ్లమ్మ గురించి మాట్లాడుకున్నాం. మూడేళ్లలో మొదటిసారి.

ఆ ఆగస్టులో, మా రేవులో చేపలమ్మే ఆవిడ కేకేసింది. "మాస్టారూ, గుడ్లున్న పులస, మీకోసమే దాచాను!" గుడ్లు లేనిది ఇమ్మన్నాను. "అలా అడిగింది మీరొక్కరే" అని నవ్వింది. నేనేదో మారిపోయానని చెప్పను. పులస కొన్నాను, పులుసు తిన్నాను. ఒక్క సంగతిలోనే చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

ఆ రాత్రి మావాడు ఫోన్ చేశాడు. ఎప్పుడూ అడిగే "ఎప్పుడొస్తావ్" ఆ రోజు అడగలేదు. అటు కాసేపు నిశ్శబ్దం. "సంక్రాంతికి చూస్తాను నాన్నా" అన్నాడు వాడే.

"నీ వీలు చూసుకో" అన్నాను.