ఎనభై దగ్గర వణుకు

జంషెడ్‌పూర్ నుంచి రాంచీకి రోడ్డు బాగుపడ్డాక తమ కార్లు పాడయ్యాయని వాపోయిన వాళ్లున్నారు. నిజానికి అవి ఎప్పుడో పాడయ్యాయి. మంచి రోడ్డు ఆ సంగతి బయటపెట్టిందంతే. సుమారు 130 కిలోమీటర్ల ఈ పాత 33వ నంబరు జాతీయ రహదారి గోడు గుంతలతో, ఆగిపోయిన పనులతో ఏళ్ల తరబడి సాగి జార్ఖండ్ హైకోర్టు దాకా వెళ్లింది. ఆ రోజుల్లో 50 దాటించడమే గగనం. నాలుగు లేన్లు వచ్చాక పాత కార్లూ 80 అందుకుంటున్నాయి. స్టీరింగ్ వణకడం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

కదమాలో ఉంటున్న ఓ తెలుగు పెద్దాయన ప్రీమియర్ పద్మినికి వచ్చిన జబ్బు అదే. శ్రీకాకుళం నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి స్థిరపడిన తండ్రి కొన్న కారు అది. తర్వాత ఈయనా అక్కడే మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. నడుస్తున్న మోటారు మీద చెయ్యి ఆనించి ఏ బేరింగ్ పోయిందో చెప్పగలిగిన మనిషి, సొంత కారు దగ్గరికొచ్చేసరికి "ముసలిది, అంతే" అని సరిపెట్టుకున్నారు. బెంగళూరులో ఉన్న కొడుకు మాత్రం సరిపెట్టుకోలేదు. "అమ్మేయండి నాన్నా. లేదంటే పాపని మాత్రం అందులో ఎక్కించకండి" అని తేల్చేశాడు.

తాతగారికి ఆ రెండో మాట గట్టిగానే తగిలింది.

అప్పటికే డబ్బు చాలా ఖర్చయింది. ఒక గ్యారేజీలో రెండుసార్లు అలైన్‌మెంట్ చేశారు. మరోచోట షాక్ అబ్జార్బర్లు మార్చారు. వణుకు పోలేదు. అలైన్‌మెంట్ తప్పితే సాధారణంగా కారు పక్కకు లాగుతుంది, టైర్లు ఒకవైపు అరుగుతాయి. ఫలానా వేగం దగ్గర మాత్రమే వచ్చే వణుక్కి అది కారణం కావడం అరుదు. ముంబైలోని కుర్లాలో తయారైన పద్మిని ఉత్పత్తి ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఆ నగరంలో చివరి పద్మిని ట్యాక్సీలు కూడా 2023 అక్టోబరులో సెలవు తీసుకున్నాయి. విడిభాగాలు వెతుక్కోవాల్సిన కారుకు ఊహతో ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవడమంత ఖరీదైన వైద్యం లేదు.

చివరికి ఆయన కారును కర్మాగారంలో యంత్రాన్ని చూసినట్టే చూడటం మొదలుపెట్టారు. ఒక నోటుపుస్తకం, ఒకసారికి ఒకే మార్పు. ముందు పైసా ఖర్చులేని పరీక్షలు. వణుకు 70 దగ్గర మొదలై 80 దగ్గర ముదిరి, 90కి కాస్త తగ్గుతోంది. ఖాళీ రోడ్డు మీద, ఇంజన్ ఆపకుండా, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి చూస్తే అలాగే ఉంది. అంటే ఇంజన్ తప్పు లేదు. బ్రేకు వేసినప్పుడు పెరగడం లేదు కాబట్టి డ్రమ్ములు వంకరపోలేదు. సీటు కంటే స్టీరింగే ఎక్కువగా అదురుతోంది కాబట్టి లోపం ముందు చక్రాల దగ్గరే ఉండాలి.

దీని వెనుక లెక్క సులువైనదే. 14 అంగుళాల పద్మిని చక్రం 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 12 సార్లు తిరుగుతుంది. రిమ్ అంచున 30 గ్రాముల బరువు అటూఇటూ అయితే, ఆ వేగంలో అది సుమారు మూడు కేజీల బలంతో చక్రాన్ని గుంజుతుంది. వేగం సగానికి తగ్గితే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఊళ్లో తిరిగినంత కాలం ఏమీ తెలియదు. పైగా కారు ముందు చక్రాలు స్వతహాగా ఊగే వేగం కూడా సెకనుకు 10, 12 సార్ల దరిదాపుల్లోనే ఉంటుంది. రెండూ కలిసినచోట వణుకు ముదురుతుంది, దాటితే తగ్గుతుంది.

తర్వాత ముందు చక్రాలను వెనక్కి, వెనక చక్రాలను ముందుకి మార్చారు. స్టీరింగ్ అదురు బాగా తగ్గింది, సీటు కింద మొదలైంది. దొంగ దొరికాడు. చక్రాన్ని గాల్లోకి లేపి, సుద్దముక్క దగ్గరగా పట్టుకుని తిప్పితే ఒక టైరు ఒకేచోట సుద్దకు తగులుతోంది. అక్కడ సన్నటి ఉబ్బు. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. గాట్లు బాగానే ఉన్నా టైరు వయసు పదిహేనేళ్లు దాటింది. కొత్త టైర్లు వేసి బ్యాలెన్సింగ్ చేయించారు. వణుకు దాదాపు పోయింది.

ఇంట్లో అందరూ సంతోషించారు. ఆయన మాత్రం నోటుపుస్తకంలోని "దాదాపు" దగ్గర ఆగారు. జుగ్‌సలాయిలోని పాత మెకానిక్ దగ్గర కారు ముందు భాగాన్ని మళ్లీ జాకీ మీద లేపించారు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటక కదులుతోంది. ఒకరు బ్రేకు తొక్కిపట్టి ఉండగా ఊపి చూశారు. బేరింగ్ వదులైతే ఆ కదలిక ఆగిపోవాలి. ఆగలేదు. కింగ్ పిన్ బుష్‌లు అరిగిపోయాయి. పాత రోడ్డు గుంతలు పెట్టిన ఖాతా అది. పిన్ మరీ అరిగితే చక్రం అదుపు తప్పుతుంది, వేగంలో ఉంటే ప్రాణాలకే ముప్పు.

ఆ బుష్‌ల గొడవ ఇన్నాళ్లూ టైరు వణుకు చాటున దాగి ఉంది. టైరు మార్చి వదిలేస్తే స్టీరింగ్ నెమ్మదించేది, ధీమా పెరిగేది, కారు 80 నుంచి 90కి వెళ్లేది. అడుగున పిన్ మాత్రం అరుగుతూనే ఉండేది. లక్షణం తగ్గడం వేరు, కారణం దొరకడం వేరు. ఫ్యాక్టరీలో ఈ తేడా తెలియని ఫిట్టర్ ఉండడు. రోడ్డు మీదే మరిచిపోతుంటారు.

కింగ్ పిన్ కిట్టు కోసం కోల్‌కతా దుకాణాల్లో అడిగితే మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ పద్మిని షెడ్డు దాటలేదు. కొత్త బుష్‌లకు పిన్ కొలతకు రీమింగ్ చేయించి బిగించాక, ఆయన ఒక్కరే రాంచీ రోడ్డెక్కి నలభై కిలోమీటర్లు వెళ్లి వచ్చారు. ఆ సాయంత్రం కొడుక్కి ఫోన్ చేసి, పాప సెలవులకు ఎప్పుడొస్తుందని అడిగారు. కారు ఊసెత్తలేదు.