లైను వాళ్ళది, రౌటర్ మనది

నెట్ కంపెనీ మార్చిన ప్రతిసారీ ఇంట్లో ఇంకో రౌటర్ చేరాలా? హాస్టల్లో ఈ మాట ఎత్తితే మనవాళ్ళు చాలామంది "కంపెనీవాడు ఫ్రీగానే ఇస్తాడు కదరా" అంటారు. ఆ ఫ్రీ అనేది డిపాజిట్ అనో, ఆరు నెలల ప్లాన్ ఒకేసారి కట్టమనో బిల్లులో ఎక్కడోచోట నక్కి కూర్చుంటుంది.

మాది తెనాలి. కింద కిరాణా కొట్టు, పైన ఇల్లు. సాయంత్రం కొట్లో రద్దీ మొదలయ్యే వేళకి సరిగ్గా మా నెట్ పడుకునేది. బిల్లింగ్ యాప్ గిరగిరా తిరుగుతుంటే నాన్న పాత పుస్తకం, పెన్ను తీసేవారు. వేసవి సెలవుల్లో వెళ్ళినప్పుడు రౌటర్ పక్కనపెట్టి, లాప్‌టాప్‌ని నేరుగా ఓఎన్‌టీకి కేబుల్‌తో కలిపి చూశాను. 50 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సాయంత్రం 5 కూడా రాలేదు. అంటే రోగం లైనుది, రౌటర్‌ది కాదు. కంపెనీ మార్చేద్దామన్నాను.

కొత్త లైను వేయడానికి వచ్చిన అన్న "మా బాక్సే పెట్టాలి, 1500 అవుద్ది. మీది పెడితే నెట్ రాదు" అన్నాడు. నాన్న మొహం చిన్నబోయింది. ఆ రౌటర్ అక్క తన మొదటి జీతంతో కొని పంపింది. "బాగానే పనిచేస్తోంది కదమ్మా, దాన్ని అటకెక్కిస్తామా?" అన్నారు నాతో.

అన్న చెప్పింది సగం నిజం. ఫైబర్‌లో వచ్చేది కాంతి. దాన్ని మన కేబుల్లో నడిచే సిగ్నల్‌గా మార్చేది ఓఎన్‌టీ. దాని సీరియల్ నంబరు కంపెనీ వాళ్ళ ఓఎల్‌టీలో నమోదై ఉండాలి కాబట్టి సాధారణంగా అది వాళ్ళు ఇచ్చిందే పెట్టుకోవాలి. ఆ తర్వాత ఇంట్లో వైఫై పంచే పని మన రౌటర్ కూడా చేయగలదు. ఈ రెండిటినీ ఒకే డబ్బాలో పెట్టి ఇస్తుంటారు కాబట్టి మనకి తేడా కనపడదు.

"అన్నా, ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ ఐడీ ఇవ్వండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి, మర్నాడు వైఫై లేని చిన్న ఓఎన్‌టీ తెచ్చాడు. పది నిమిషాల పని. రౌటర్ పాతదే కాబట్టి వైఫై పేరు, పాస్‌వర్డ్ మారలేదు. కొట్లో కెమెరా, టీవీ, నాయనమ్మ ఫోను వాటంతటవే కలిశాయి. కంపెనీ మారిన సంగతి నాయనమ్మకి ఇప్పటికీ తెలీదు.

మీ ఇంట్లో చేసేముందు రౌటర్ వెనక చూడండి. ఈథర్‌నెట్ వాన్ పోర్ట్ ఉండాలి. టెలిఫోన్ తీగ మాత్రమే పట్టే పాత ఏడీఎస్ఎల్ మోడెమ్‌తో ఇది కుదరదు. పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దైతే 300 ప్లాన్ కట్టడం దండగ. కంపెనీ బ్రిడ్జ్ మోడ్‌కి ఒప్పుకోకపోతే మన రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి వాళ్ళ డబ్బాకి తగిలించొచ్చు.

ఇంకోటి. పాత కంపెనీ ఓఎన్‌టీ తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. మా డిపాజిట్ వెనక్కొచ్చింది ఆ కాగితం ముక్కతోనే.