తల్లిదండ్రులకూ ఓ ఆదివారం

ఇతరుల పిల్లల్ని పెంచటమంత సులువైన పని లోకంలో మరొకటి లేదు. ఎవరింటికి వెళ్ళినా, వాళ్ళ పిల్లవాణ్ణి రెండు నిమిషాలు చూచి, వాడికి ఏం చెప్పాలో, ఎంత గట్టిగా చెప్పాలో మనం ఇట్టే తేల్చేస్తాం. చిక్కల్లా మన యింట్లో వున్నవాళ్ళతోనే!

మా క్రైస్తవ కుటుంబాల్లో ఈ చిక్కు మరో మెట్టు ఎక్కువ. పిల్లలు చదువుకోవాలి, నలుగురిలో మంచి అనిపించుకోవాలి అని తల్లిదండ్రులందరూ కోరుకుంటారు. దానితోపాటు వాళ్ళు దేవుణ్ణి ఎరగాలని, తమంతట తాము ప్రార్థన చేసుకోవాలని కూడా మాకు వుంటుంది. మార్కులైతే కాగితం మీద కనిపిస్తాయి. విశ్వాసం ఎంతవరకు వచ్చిందో ఏ కాగితమూ చెప్పదు. అందుకే మా బెంగకు అంతూ పొంతూ వుండదు.

మా యింట్లో రాత్రి భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థన చేసుకుంటాం. చూడముచ్చటగా వుంటుందనుకునేరు! చిన్నది కీర్తన రెండో చరణానికే నా ఒళ్ళో నిద్రపోతుంది. నడిపివాడు వేళ్ళ సందుల్లోంచి, ఎవరెవరు కళ్ళు తెరిచారో లెక్కవేస్తుంటాడు. ఇంజనీరింగు చదివే పెద్దవాడు "ఆమెన్" అనటమే తరువాయి, సెల్‌ఫోన్ దగ్గరికి పరుగు. ఆ "ఆమెన్" ఒక్కటి మాత్రం మహా శ్రద్ధగా అంటాడు!

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కాని కిందటి సంవత్సరం ఒక శనివారం రాత్రి ఆ పెద్దవాడే, "రేపు చర్చికి నేను రానమ్మా" అన్నాడు. పరీక్ష వుందా అంటే లేదన్నాడు. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే వుందన్నాడు. "నాకు రావాలని లేదు. వచ్చి వూరికే కూర్చుంటే అబద్ధమాడినట్టు వుంటుంది" అన్నాడు.

మావారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. ఏమంటారో అని నా గుండెలు దడదడలాడాయి. "సరే, నీ యిష్టం. నాయనమ్మను మాత్రం స్కూటరు మీద దింపి, మళ్ళీ తీసుకురా" అన్నారు, అంతే. ఆయన పడుకున్నారు. నాకు మాత్రం తెల్లవార్లూ కంటిమీద కునుకు లేదు. ఆ తరువాత కూడా చాలా రాత్రులు అలాగే గడిచాయి.

మా అత్తగారు మిరప పండించే పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. నా వాలకం కనిపెట్టి ఒకనాడు, "అమ్మాయ్, నారు నాటినవాళ్ళు వేరు పట్టిందో లేదో అని రోజూ పీకి చూసుకుంటారా?" అని, మళ్ళీ తన పనిలో పడిపోయారు.

ఆ మాట విన్నాక మార్కు సువార్త నాలుగో అధ్యాయం తీసి చదువుకున్నాను. అందులో విత్తువాడి ఉపమానం అందరికీ తెలిసిందే. దానికి కొంచెం దిగువనే మరో చిన్న ఉపమానం వుంది. ఒకడు విత్తనం చల్లుతాడు. రాత్రి నిద్రపోతాడు, పగలు లేస్తాడు. అది ఎలా మొలిచిందో వాడికే తెలియదు. నిద్రపోయినందుకు యేసు ఆ రైతును ఒక్క మాటైనా అనలేదు సరికదా, అదే అధ్యాయం చివర, తుపానులో వూగే పడవలో తల కింద దిండు పెట్టుకొని తానే నిద్రపోయాడు!

127వ కీర్తన కూడా చూడండి. అయిదే వచనాలు. వేకువనే లేచి, పొద్దుపోయేదాకా మేలుకొని, కష్టంతో తినే అన్నం వ్యర్థమనీ, దేవుడు తన ప్రియులకు నిద్ర యిస్తాడనీ మొదటి సగం చెబుతుంది. పిల్లలు దేవుడిచ్చే స్వాస్థ్యమని రెండో సగం చెబుతుంది. నిద్రకూ పిల్లలకూ ఏమిటి సంబంధమని ఎవరికైనా తోచవచ్చు. పిల్లలున్న తల్లికి తోచదు!

ఓర్పు పట్టాలి, నిజమే. ఎన్నాళ్ళు? మోనికా అనే తల్లి కథ యిక్కడ చెప్పుకోవాలి. ఆమె కొడుకు అగస్టీను 354లో ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియాలో పుట్టాడు. చురుకైనవాడు, చదువరి. తల్లి విశ్వాసం విడిచి మానీ మతంలో చేరాడు. ఆమె ఒక బిషప్ దగ్గరికి వెళ్ళి, తన కొడుకుతో వాదించి దారికి తెమ్మని ప్రాధేయపడింది. ఆయన ఒప్పుకోలేదు. వాణ్ణి కొంతకాలం వదిలెయ్యి, ప్రార్థన చెయ్యి, చదివి తానే తెలుసుకుంటాడు అన్నాడు. ఆమె వదలక ఏడుస్తుంటే, యింత కన్నీరు పెట్టే తల్లి కొడుకు నశించడులే అని పంపేశాడు. అయినా 383లో ఆ కొడుకు తల్లితో అబద్ధమాడి, రాత్రికి రాత్రి ఓడ ఎక్కి రోముకు వెళ్ళిపోయాడు. చివరకు 387లో, ఈస్టరు పండుగనాడు, మిలాను నగరంలో బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి అతనికి 32 ఏళ్ళు. ఆ యేడే మోనికా కన్నుమూసింది.

ఆమె కన్నీళ్ళ సంగతి అందరూ చెబుతారు. బిషప్ చెప్పిన సలహా మాత్రం మనం అంతగా పట్టించుకోం. కొంతకాలం వదిలెయ్యమన్నాడు. కొడుకుమీద ఆశ వదులుకోమని కాదు, వాడితో వాదన వదులుకోమని. అందులో ఆ తల్లికీ కాస్త విశ్రాంతి వున్నది.

ఇప్పుడు మేం చేసేది యిది. ప్రార్థన మానలేదు, కాని పొట్టిది చేశాం. చిన్నది మెలకువగా వుండగానే ముగిస్తాం. ఆదివారం మధ్యాహ్నం వంటింట్లోకి మావారు వెళతారు, నేను ఒక గంట పడుకుంటాను. చర్చి విషయం పెద్దవాడి దగ్గర మేం ఎత్తం. వాడు అడిగితే మాత్రం ఎంత రాత్రయినా మాట్లాడతాం. పిల్లలమీద మనం వేసే కేకల్లో సగం భక్తివల్ల వచ్చేవి కావు, అలసటవల్ల వచ్చేవేనని నాకు గట్టి నమ్మకం కలిగింది.

పెద్దవాడు మారిపోయాడని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టాలని నాకూ వుంది. అలా చెప్పలేను. మొదట్లో నాయనమ్మను దింపి యింటికి వచ్చేసేవాడు. ఈమధ్య ఆరాధన అయ్యేదాకా చర్చి ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుంటున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

నారు పోసినవాడు నీరు పోయడా అని మన పెద్దలు వూరికే అనలేదు. మీ యింట్లోనూ అలాంటి పిల్లవాడో పిల్లో వుంటే, ఈ రాత్రి వాళ్ళ పేరు చెప్పి ప్రార్థన చేసుకోండి. తరువాత దీపం ఆర్పి హాయిగా నిద్రపోండి. రేపు వాళ్ళతో మాట్లాడటానికి మీకు ఓపిక కావాలి గదా!