అవ్వ కండ్ల కోసం వేసిన ఫిల్మ్



మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, హాస్టల్ సీట్లు, స్కాలర్‌షిప్‌ల గురించి రాస్తుంటాం. నేను ఇయ్యాల కారు అద్దాల గురించి రాస్తున్న. మన అన్నదమ్ములు చాలామంది సిటీలో క్యాబ్‌లు నడుపుతున్నరు కాబట్టి, పోస్టు పొడుగున్నా కొంచెం ఓపిక చేసుకొని చదవండి.

మాది ఉట్నూర్ దిక్కు గూడెం. ఇక్కడ సీతాఫల్‌మండిలో రైల్వే స్టేషన్‌కు దగ్గరగా ముగ్గురం కలిసి రూమ్ తీసుకున్నం. ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషనే ఆర్ట్స్ కాలేజీ. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఒక కార్ యాక్సెసరీస్ షాపులో పని. సీట్ కవర్లు, మ్యాట్లు, మ్యూజిక్ సిస్టమ్‌లు, అద్దాలకు ఫిల్మ్. ఫిల్మ్ వేయడం చూస్తే అల్కగ కనిపిస్తది గానీ కాదు. అద్దం కడిగి, సబ్బునీళ్లు చల్లి, ఫిల్మ్ పరిచి, లోపలి నీళ్లన్నీ బయటికి తోయాలె. ఒక్క బుడగ మిగిలినా మళ్ళీ మొదటికే. నాకు చేయి తిరగడానికి మూడు నెలలు పట్టింది.

పోయిన ఏడు దసరా అయినంక మా అవ్వకు ఇక్కడే కంటి శుక్లాల ఆపరేషన్ చేయించినం. డాక్టరు నల్ల కండ్లద్దాలు ఇచ్చిండు. అయినా వెలుతురు పడితే అవ్వ కండ్లు మూసుకునేది. మా కాక సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కొని క్యాబ్ నడుపుతడు. ఊరికి తోలుకపోయే ముందు రోజు కారు మా షాపు ముందర పెట్టిండు. "ఉత్తరం దిక్కు పోతం గదా, ఎండంతా వెనక అద్దంల నుంచే కొడ్తది. అవ్వ కూసునేది వెనకనే. మంచి ఫిల్మ్ ఎయ్యిరా" అన్నడు.

షాపులో ఒక రోల్ మిగిలి ఉండె. కొంచెం వెండి మెరుపు ఉన్నది. "నలుపు ఎక్కువ కనబడదు, వేడి బాగా ఆపుతది, మీ కాకకు సగం రేటే" అన్నడు ఓనరు. సరే అని వేసిన. వెనక అద్దం తుడిచేటప్పుడు ఒకటి చూసిన. మంచు పోవడానికి ఉండే అడ్డగీతలు అందరికీ తెలుసు. వాటికి పైన ఇంకో రెండు మూడు సన్న గీతలు వేరేగా ఉన్నయి. వాటి కొసకు చిన్న వైరు కలిపి ఉన్నది. ఇదేందన్నా అని సీనియర్‌ను అడుగుదామనుకున్న. అడగలేదు. ఎందుకంటే పనిలో చేరిన కొత్తల ఇట్లనే ఏదో అడిగితే "ఏం రా, సక్కగ అడవిల నుంచే వచ్చినవా" అన్నరు. అందరూ నవ్విన్రు. ఆ రోజు నుంచి తెలియనిది అడగడం బంద్ చేసిన. మీలో చాలామందికి ఇది కొత్త ముచ్చట కాదని నాకు తెలుసు.

తెల్లారి బయలుదేరినం. ఆ ప్రయాణానికి ఇంకో సంతోషం కూడా ఉండె. మా చెల్లె (కాక బిడ్డ) మా గూడెంల నర్సింగ్ చదివిన మొదటి ఆడపిల్ల. గర్భిణీలకు రక్తం తక్కువైతే ఏం జరుగుతది, ఏం తినాలె అని ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రంలో గోండిలో మాట్లాడింది. రికార్డింగ్ ముందే అయింది, ప్రసారం ఆ సాయంత్రమే. అవ్వ చిన్నప్పటి నుంచి దాన్ని పెంచింది. మా అత్తమ్మ ఒకామె కాన్పుల పోయింది, రక్తం లేకనే. అందుకే అవ్వకు ఆ మాటలు రేడియోల వినాలని అంత పట్టుదల.

సిటీ దాటేదాకా రేడియోల రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8 వచ్చినయి. కొంచెం గరగర ఉన్నది గానీ ఎవరం పట్టించుకోలే. కామారెడ్డి, ఆర్మూర్ దాటినం. గోదావరి దాటి నిర్మల్ వచ్చినం. ఘాట్ ఎక్కినంక ఎప్పుడైనా ఆదిలాబాద్ స్టేషన్ మంచిగ తగులుతదని కాక ధైర్యంగ ఉన్నడు. ఘాట్ ఎక్కినం, నేరడిగొండ వచ్చింది, రేడియోల మాత్రం వాన పడ్డ చప్పుడే.

కాక బండి పక్కకు ఆపిండు. ట్యూనింగ్ అటూ ఇటూ తిప్పిండు. కిటికీ అద్దాలన్నీ దించినం. ఏం మారలే. "బ్యాటరీ అయిపోయిందా బిడ్డా?" అని అడిగింది అవ్వ. ఇంట్ల ఉన్న చిన్న రేడియో లెక్కనే ఇదీ అనుకున్నది. నా ఫోన్‌ల ఎఫ్ఎం పెడ్దామంటే ఇయర్‌ఫోన్ వైరు కావాలె, అదే యాంటెన్నాగా పనిచేస్తది. నా దగ్గర వైరు లేదు. ఇచ్చోడ వచ్చేసరికి టైమ్ అయిపోయింది. అవ్వ ఏమనలే. నల్ల కండ్లద్దాలు పెట్టుకొని అట్లనే కూసున్నది. కాక మాత్రం "నిన్నటిదాకా మంచిగుండె గదరా" అన్నడు. ఆ మాట నాకు గుచ్చుకున్నది.

తిరిగి వచ్చినంక, ఎలక్ట్రానిక్స్ చదివే భద్రాచలం దిక్కు కోయ అక్క ఒకామెను అడిగిన. నవ్వలేదు. ఆమె మొదటి ప్రశ్న ఒక్కటే: "మీ కాక కారుకు యాంటెన్నా ఎక్కడున్నది?" టాప్ మీద కడ్డీ లేదు అన్న. "అయితే వెనక అద్దంల గీతలుంటయి, అవే యాంటెన్నా" అన్నది. నేను అడగకుండా వదిలేసిన గీతలు అవే.

ఆమె చెప్పింది, నాకు అర్థమైనంత రాస్తున్న. ఫిల్మ్ అంటే సన్నని ప్లాస్టిక్ పొర. కొన్నిట్ల రంగు మాత్రమే ఉంటది, కొన్నిట్ల కార్బన్, కొన్నిట్ల సెరామిక్ రేణువులు. ఇవి రేడియోను దాదాపు ఏమీ చేయవు. కొన్నిట్ల అల్యూమినియం లాంటి లోహం పూత ఉంటది. కంటికి కనబడనంత సన్నగ ఉన్నా అది కరెంటును పారనిచ్చే పొరే. ఎండ వేడిని ఎట్ల తిప్పికొడ్తదో రేడియో తరంగాలను కూడా అట్ల తిప్పికొడ్తది. యాంటెన్నా అద్దంలనే ఉంటే, దాని మీదనే లోహం అతికించినట్టు. కిటికీలు దించినా అందుకే లాభం లేకపోయింది. సిటీల సిగ్నల్ బలంగ ఉంటది కాబట్టి సగం పోయినా వినబడ్తది. దూరం స్టేషన్ దగ్గరికి పోయేసరికి అసలు సంగతి బయటపడ్తది. యాంటెన్నా టాప్ మీద బయట ఉన్న కార్లకైతే కిటికీ ఫిల్మ్‌తోని రేడియోకు అంత ఇబ్బంది ఉండదు.

నమ్మకం కుదరక రూమ్‌ల పరీక్ష చేసినం. ఒక చిన్న ట్రాన్సిస్టర్ ఆన్ చేసి, కడ్డీ మడిచి, షాపుల మిగిలిన ఆ వెండి ఫిల్మ్ ముక్కలు రెండు మూడు చుట్లు చుట్టినం. గొంతు గరగరలో కలిసిపోయింది. విప్పి, మామూలు రంగు ఫిల్మ్ చుట్టినం. ఏం తేడా లేదు. మా రూమ్మేట్లు ముగ్గురు మూడు సార్లు చేసి చూసిన్రు. నలుపు ఎంత అన్నది కాదు, లోపల ఏమున్నది అన్నదే లెక్క.

క్యాబ్ నడిపే అన్నలకు ఇంకో మాట. ఇది రేడియోతోని ఆగదు. ఫోన్‌కు దారి చూపించే జీపీఎస్ సిగ్నల్ సుమారు 1575 మెగాహెర్ట్జ్ మీద ఆకాశం నుంచి చాలా బలహీనంగ వస్తది. ముందు అద్దానికి కూడా లోహం ఫిల్మ్ వేస్తే అది ఇంకా తగ్గుతది. ఫాస్టాగ్ 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తది, దాని ముందర లోహం ఉంటే టోల్ గేట్ కాడ చదవక ఆపుతరు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వది ప్రకారం ముందు, వెనక అద్దాల నుంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల నుంచి 50 శాతం వెలుతురు రావాలె. అద్దం తయారీలోనే అట్ల ఉండాలె గానీ తర్వాత పైన ఏ ఫిల్మూ అతికించొద్దని 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. మారిన నిబంధన ప్రకారం ఆ శాతాలకు లోబడిన ఫిల్మ్ ఉండొచ్చని 2024లో కేరళ హైకోర్టు అన్నది. కానీ రోడ్డు మీద పోలీసు ఆపినప్పుడు జరిమానా కట్టేది డ్రైవరే, షాపు ఓనరు కాదు. ఆ పని చేసి జీతం తీసుకున్నోన్ని నేనే చెప్తున్న. అవ్వ కండ్లకు కిటికీకి కట్టిన దస్తీ సరిపోతుండె.

కాక కారు ఫిల్మ్ నేనే తీసిన. బ్లేడ్ పెట్టి గీకితే యాంటెన్నా గీతలు లేచిపోతయి, ఇగ అద్దమే మార్చాలె. హెయిర్ డ్రయ్యర్‌తోని వేడి చేసుకుంట, సబ్బునీళ్లు కొట్టుకుంట, గీతల వెంబడి అడ్డంగ, మెల్లగ లాగిన. ఒక పూట పట్టింది. పైసలు తీసుకోలే. తర్వాత ఊరికి పోయినప్పుడు ఘాట్ మీద ఆదిలాబాద్ స్టేషన్ మళ్ళీ వినబడ్డది.

చెల్లె మాట్లాడింది మాత్రం మళ్ళీ రాలే. ఇంట్ల పొయ్యి కాడ కూసోబెట్టి, రేడియోల చెప్పింది చెప్పినట్టే అవ్వకు మళ్ళీ చెప్పింది. అవ్వ మొత్తం విన్నది. విని, "మంచిగ చెప్పినవ్. గని నువ్వు నాకు ఇంట్ల చెప్పుడు వేరు, అన్ని గూడేలకు చెప్పుతుంటే నేను వినుడు వేరు" అన్నది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు షాపుల ఏ కారు వచ్చినా, ఫిల్మ్ రోల్ తీసే ముందు యాంటెన్నా ఎక్కడున్నదని అడుగుతున్న. నవ్వేటోళ్లు ఇంకా నవ్వుతనే ఉన్నరు. అయినా అడుగుతున్న. మీరు కూడా కాలేజీల, పనిల, ఆఫీసుల తెలియనిది ఉంటే అడగండి. పక్కోడు నవ్వితే మనకు పోయేది ఒక్క నిమిషం. అడగకపోతే పోయేది ఏందో నేను చూసిన.

తప్పులుంటే చెప్పండి, సరిదిద్దుకుంట. జై సేవా.