కెన్నింగ్టన్ పార్కులో ఒక పూట

చార్లీ చాప్లిన్ అనగానే మనకి గుర్తొచ్చేది ఆ బుల్లి మీసం, వదులు ప్యాంటు, చేతికర్ర. పోయిన వేసవిలో లండన్‌లో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. అందరూ చూసేవన్నీ అయ్యాక, "ఇంకేం చూస్తావు వదినా?" అంది. చాప్లిన్ పెరిగిన పేట చూపించమన్నాను.

థేమ్స్ నదికి దక్షిణాన లాంబెత్ అనే పేట అది. కెన్నింగ్టన్ స్టేషన్‌లో రైలు దిగి కాస్త నడిస్తే, ఓ పాత ఇటుకల భవనం. ఇప్పుడు సినిమా మ్యూజియం. పాత ప్రొజెక్టర్లు, పోస్టర్లు భలే దాచారు. ముందుగా బుక్ చేసుకుని వెళ్ళాలి.

ఒకప్పుడు మాత్రం ఇది గతిలేని వాళ్ళచేత పని చేయించుకుని తిండి పెట్టే వర్క్‌హౌస్. చార్లీ తల్లి హానా నాటకశాలల్లో పాటలు పాడేది. గొంతు పోయింది. భర్త దగ్గర లేడు. బట్టలు కుట్టి పిల్లల్ని సాకుతుంటే, వాయిదాలు కట్టలేదని కుట్టుమిషన్ కూడా పట్టుకుపోయారు. 1896లో ఇద్దరు కొడుకులతో ఇక్కడికొచ్చింది. చార్లీకి ఏడేళ్ళు. లోపలికి రాగానే తల్లిని ఒకవైపు, పిల్లల్ని మరోవైపు పంపేశారు. తర్వాత పిల్లల్ని దూరంగా హాన్‌వెల్ బడిలో వేశారు.

పిల్లల్ని చూడకుండా ఉండలేక ఆ తల్లి ఒక ఉపాయం పన్నింది. వర్క్‌హౌస్ వదిలి వెళ్ళిపోతామని అర్జీ పెట్టింది. ముగ్గురికీ వాళ్ళ బట్టలు ముడతలు ముడతలుగా తిరిగి ఇచ్చి బయటికి పంపారు. పెద్దాడు సిడ్నీ రుమాలులో మూటకట్టి దాచిన తొమ్మిది పెన్నీలే ఆస్తి! సుమారు పావుకిలో నల్ల చెర్రీపళ్ళు కొనుక్కుని కెన్నింగ్టన్ పార్కులో కూర్చుని తిన్నారు. పాత పేపరు ఉండచుట్టి, దారం కట్టి బంతాట ఆడారు. మధ్యాహ్నం ఒక టీకేకు, ఉప్పువేసి పొగబెట్టిన ఒక చేప, రెండు కప్పుల టీ ముగ్గురూ పంచుకున్నారు. మళ్ళీ పార్కులో అమ్మ క్రోషే అల్లుకుంటూ కూర్చుంది. సాయంత్రం టీ వేళకి తిరిగి వర్క్‌హౌస్‌కే! అక్కడి వాళ్ళకి ఒళ్ళు మండిందట.

ఆ కుర్రాడే 1908లో ఫ్రెడ్ కార్నో నాటక బృందంలో చేరి, ఆ బృందంతోనే అమెరికా వెళ్ళి, 1914 నుంచి సినిమాల్లో లోకాన్ని నవ్వించాడు. 1921లో తల్లిని కాలిఫోర్నియాకి రప్పించుకున్నాడు. 1928లో పోయేదాకా ఆవిడ అక్కడే ఉంది. 1975లో ఆయనకి సర్ బిరుదు వచ్చింది. 1977 క్రిస్మస్ రోజున స్విట్జర్లాండ్‌లో కన్నుమూశారు.

నాకు ఆశ్చర్యమనిపించింది ఒకటే. 1964లో, డెబ్బై అయిదేళ్ళప్పుడు వచ్చిన ఆత్మకథలో, ఆ రోజు టీకేకు ఎంతో, చేప ఎంతో ధరలతో సహా రాశారాయన.

మ్యూజియం నుంచి ఆ పార్కుకి నడిచే వెళ్ళాం. దారిలో చెర్రీపళ్ళు కొన్నాం. బెంచీ మీద కూర్చుని తింటుంటే మా ఆడపడుచు, "మీ అన్నయ్య, నేనూ చిన్నప్పుడు ఒక్క ఐసుఫ్రూటు ఇద్దరం తినేవాళ్ళం వదినా, అమ్మ తనకొద్దనేది" అంది. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.