అంబాసిడరు వెనుక షాకులు

2014లో ఉత్తరపారా కర్మాగారమున తయారీ నిలిచిపోయిన అంబాసిడరు వంశమునకు చెందిన మా వృద్ధశకటము, గద్వాల నుండి బీచుపల్లి వద్ద కృష్ణను దాటి, పెబ్బేరు, వనపర్తి, బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలు పోవు దారిలో, ప్రతి స్పీడు బ్రేకరు పిమ్మటను నావవలె ఊగులాడుచుండుటచే, వెనుక షాకబ్జర్లను రెంటిని మార్పించితిని. బరువు మోయునవి కమాను పట్టీలే. షాకబ్జరు ధర్మము వేఱు. లోపలి పిస్టను చమురును సూక్ష్మరంధ్రముల గుండ త్రోయుచుండగా ఊపులోని శక్తి ఉష్ణముగా మారి శమించును. సీలు అరిగి చమురు కారిపోయినచో శమనమే లేదు. ఒకదానినే మార్చి డబ్బు మిగుల్చుకొనుట వట్టి పిసినారితనము. గాలి నింపు షాకులు వేయింపుమని యొక మిత్రుడు బోధించెను గాని, అవి అధికభారము లాగువారికి. మా వెనుక సీటున కూర్చుండునది అత్తగారొక్కరే! పాత రబ్బరు బుషులను మాత్రము మరల వాడనీయలేదు.