ఉక్కు ఊళ్ళో సప్లీ చదువు

తాతలు ఉత్తరాంధ్ర నుంచి వచ్చి కొలిమి కట్టారు. మనవలు కాలేజీ మొదటి ఏడాదిలోనే తడబడుతున్నారు. ఆదుకునే చేతులు ఖుర్సీపార్‌లో లేకపోలేదు. అవన్నీ ఒక్కచోట లేవు, అంతే.

దుర్గ్‌లో ఉదయం బయల్దేరే వందేభారత్ రైలు కాసేపటికే భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్‌ను దాటుతుంది. రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా మధ్యాహ్నానికి విశాఖపట్నం చేరుతుంది. 2024 సెప్టెంబర్ 16న ఈ రైలు మొదలైనప్పుడు పవర్‌హౌస్ పక్కనున్న ఖుర్సీపార్ వాసులకు దాని మార్గం గురించి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలుమార్గం ఇదే. ఇక్కడి చాలా తెలుగు కుటుంబాల పెద్దలు పెట్టె బేడా సర్దుకుని వచ్చింది ఈ దారినే.

గ్రేట్ ఈస్ట్రన్ రోడ్డు మీద ఖుర్సీపార్ గేటు దగ్గర దిగి లోపలికి నడిస్తే బోర్డులన్నీ హిందీలోనే కనిపిస్తాయి. నాలుగు సందులు తిరిగేసరికి మాత్రం శ్రీకాకుళం, విజయనగరం యాస చెవిన పడుతుంది. సెక్టార్ 11 జోన్లలోని క్వార్టర్ల చుట్టూ, వాటిని ఆనుకుని పెరిగిన బస్తీల్లో మూడు తరాల తెలుగువారున్నారు. మొదటి తరానికి హిందీ అంతంతమాత్రం. రెండో తరానికి రెండు భాషలూ వచ్చు. మూడో తరం తెలుగు మాట్లాడుతుంది. కానీ రాయమంటే వీళ్ళలో చాలామందికి దేవనాగరి తప్ప మరో లిపి రాదు.

ఈ మూడో తరం ఇప్పుడు కాలేజీలో ఉంది. మొదటి ఏడాది ఫలితాలు వచ్చిన రోజున ఈ వీధుల్లో ఎక్కువగా వినిపించే మాట 'సప్లీ'. ఆంధ్రలో బ్యాక్‌లాగ్ అనేదానికి ఇక్కడి పేరు అది.

నౌకరీ ఉంటే బడి ఉండేది

ఖుర్సీపార్ చదువు కథ అర్థం కావాలంటే ఉక్కు కర్మాగారం కథ కొంత తెలియాలి. భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో భారత్ 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకుంది. నాలుగేళ్ళ తర్వాత, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పొలాల మధ్య పుట్టుకొచ్చిన ఈ ఊరికి దేశం నలుమూలల నుంచీ జనం తరలివచ్చారు. ఉత్తరాంధ్ర కూలీలు మట్టి తవ్వి, ఇటుకలు మోసి, ఇనుప చట్రాలు ఎక్కారు. వారిలో కొందరికి కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగం దొరికింది. మిగిలినవారు కాంట్రాక్టర్ల కింద పనిచేస్తూ ఉండిపోయారు.

ఈ తేడా జీతంతో ఆగలేదు. 1990ల నుంచి భిలాయ్‌లో పరిశోధన చేసి 2020లో 'క్లాసెస్ ఆఫ్ లేబర్' అనే పుస్తకం ప్రచురించిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ కూడా ఈ గీతనే పట్టి చూపించారు. స్థానికుల మాటల్లో ఒకటి 'నౌక్రీ', రెండోది 'కామ్'. మొదటిది ఉద్యోగం, రెండోది పని. ఉద్యోగం ఉన్న ఇంటికి కంపెనీ క్వార్టరు, కంపెనీ ఆస్పత్రి, కంపెనీ బడి దక్కాయి. పిల్లవాడు లెక్కల్లో వెనకబడితే అడగడానికి పక్క క్వార్టరులోనే ఓ టీచరో ఇంజనీరో ఉండేవారు. పని మాత్రమే ఉన్న ఇంటికి ఇవేవీ లేవు.

ఆ తర్వాత పర్మనెంటు కార్మికుల సంఖ్య తగ్గుతూ వచ్చింది, కాంట్రాక్టు పని పెరిగింది. కర్మాగారం నడిపిన బడుల్లో చాలావరకు మూతపడ్డాయి, లేదా ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. తాతకు నౌకరీ ఉన్న ఇళ్ళలోనే మనవడి తండ్రి కాంట్రాక్టు కూలీగా మిగిలిన ఉదాహరణలకు కొదవ లేదు. కంపెనీ అండలో సాగిన చదువుకు ఒక తరం లోపలే ఆ అండ పోయింది.

చుట్టూ చూస్తే మాత్రం చదువుకు కరువు లేనట్టే కనిపిస్తుంది. ఖుర్సీపార్‌లోనే ప్రభుత్వ కళాశాల ఉంది. సెక్టార్ 7లో కల్యాణ్ కళాశాల ఉంది. దుర్గ్‌లో ఇంజనీరింగ్ కళాశాల 1986లోనే వచ్చింది. రాష్ట్ర సాంకేతిక విశ్వవిద్యాలయం 2005లో, దుర్గ్ విశ్వవిద్యాలయం 2015లో ఏర్పడ్డాయి. 2016లో తరగతులు మొదలుపెట్టిన ఐఐటీ భిలాయ్ సొంత ప్రాంగణాన్ని ప్రధాని 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. కొన్ని కిలోమీటర్ల పరిధిలో ఇన్ని విద్యాసంస్థలున్న ఊళ్ళు మధ్యభారతంలో ఎక్కువ లేవు. సీటు సంపాదించడం ఒకప్పుడంత కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాతే మొదలవుతుంది.

మూడు భాషల మధ్య

ఒక సగటు విద్యార్థిని తీసుకుందాం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ లేదా ఛత్తీస్‌గఢీ. పన్నెండో తరగతి దాకా హిందీ మాధ్యమం. కామర్స్‌లో అతను నేర్చుకున్నవి 'నామే', 'జమా'. మంచి పుస్తకమని కాలేజీలో ఎవరైనా ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెడితే అందులో ఉండేవి డెబిట్, క్రెడిట్. ఇంజనీరింగ్‌లో చేరితే హిందీ పూర్తిగా దూరమవుతుంది. లెక్క తెలిసినా ప్రశ్న అర్థం కాదు. ప్రశ్న అర్థమైనా జవాబు రాయడానికి వాక్యం దొరకదు. ఫెయిలైన కాగితం మీద మాత్రం లెక్క రానట్టే నమోదవుతుంది.

ఇందులో ఒక విచిత్రముంది. హిందీ గణితంలోని 'అవకలన్', 'సమాకలన్' తెలుగు పాఠ్యపుస్తకాల్లోని అవకలనం, సమాకలనమే. హిందీ భౌతికశాస్త్రంలోని 'త్వరణ్' మన త్వరణమే. రెండు భాషలూ ఒకే సంస్కృత మూలం నుంచి పదాలు తీసుకున్నాయి. విజయనగరంలో డిగ్రీ చదివిన మేనమామ ఈ కుర్రాడికి హాయిగా పాఠం చెప్పగలడు. కానీ మేనమామ నోట్సు తెలుగులో ఉంటుంది. అది కుర్రాడు చదవలేడు. ఇంట్లో ఉన్న చదువు ఇంట్లోవాడికే పనికిరాకుండా పోయిన తీరు ఇది.

పరీక్షల పద్ధతి కూడా మారింది. ఛత్తీస్‌గఢ్ కళాశాలల్లో 2024-25 విద్యాసంవత్సరం నుంచి జాతీయ విద్యావిధానం ప్రకారం సెమిస్టర్లు అమల్లోకి వచ్చాయి. ఏడాదికోసారి పరీక్ష ఉన్న రోజుల్లో చివరి రెండు నెలలు కష్టపడి గట్టెక్కినవాళ్ళున్నారు. సాయంత్రాలు దుకాణంలోనో వర్క్‌షాపులోనో పనిచేసే కుర్రాడికి ఆ పద్ధతే కలిసొచ్చేది. సెమిస్టరులో తప్పు తొందరగా బయటపడుతుంది. సాయం వెంటనే అందితే అది మంచిదే. అందకపోతే ఓటమి కూడా తొందరగానే వస్తుంది. అలా తడబడిన చాలామంది కాలేజీ మానేసి ప్రైవేటు అభ్యర్థిగా పరీక్ష రాస్తామంటారు. స్వాధ్యాయీ అని పిలిచే ఈ మార్గంలో ఫీజు తక్కువ, తరగతులు లేవు. సాయం ఎక్కువ అవసరమైనవాళ్ళు సాయం అసలే లేని చోటుకు చేరుకుంటున్నారు.

కాగితానికి రెండు రాష్ట్రాలూ పరాయివే

డబ్బు సాయం గురించి అడిగితే మొదట వచ్చే మాట కుల ధ్రువీకరణ పత్రం. ఇక్కడే ఖుర్సీపార్ తెలుగు విద్యార్థికి చిక్కు వచ్చిపడుతుంది. షెడ్యూల్డ్ కులాల రాజ్యాంగ ఉత్తర్వు వెలువడింది 1950 ఆగస్టు 10న. ఆ నాటికి కుటుంబం ఈ ప్రాంతంలో ఉన్నట్టు చూపితేనే ఛత్తీస్‌గఢ్ ఎస్సీ హోదా ఇస్తుంది. ఓబీసీలకు ఆ గడువు 1984 డిసెంబర్ 26. అది కూడా కులం పేరు ఈ రాష్ట్రపు జాబితాలో ఉంటేనే. ఒప్పందం మీద సంతకమే 1955లో జరిగిన కర్మాగారానికి పనికొచ్చినవాళ్ళు 1950 నాటి ఆధారం ఎక్కడి నుంచి తెస్తారు? రెవెన్యూ కార్యాలయం అడిగే 'మిసల్' పాత భూమి రికార్డు. తట్ట మోయడానికి వచ్చినవాడికి ఇక్కడ భూమి లేదు.

ఈ నియమం వెనక సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆ కేసు కూడా ఒక తెలుగు విద్యార్థిదే కావడం యాదృచ్ఛికం. తెనాలిలో పుట్టి, ప్రభుత్వరంగ ఎరువుల సంస్థలో తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ కోటా కింద సీటు కోరారు. ఒక రాష్ట్రంలో ఎస్టీగా ఉన్నవారు మరో రాష్ట్రానికి వలస వెళితే ఆ హోదా వెంట రాదని రాజ్యాంగ ధర్మాసనం 1990లో తేల్చింది. 2018లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే సూత్రాన్ని నిలబెట్టింది. వెనకబాటు ప్రాంతాన్ని బట్టి ఉంటుందనీ, బయటివారు వచ్చి స్థానికుల వాటా తీసుకోకూడదనీ ఈ తీర్పుల వెనకున్న తర్కం. ఛత్తీస్‌గఢ్‌లోని సత్నామీ, గోండు విద్యార్థుల వైపు నుంచి చూస్తే అందులో న్యాయం లేదనలేం.

అయితే సొంత రాష్ట్రం ఆదుకుంటుందా? ఆంధ్రప్రదేశ్ వృత్తివిద్యా కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. మిగతా 15 శాతానికి పోటీపడాలన్నా తాను గానీ తల్లిదండ్రులు గానీ పదేళ్ళు రాష్ట్రంలో నివసించి ఉండాలనేది ప్రధాన షరతు. భిలాయ్‌లో పుట్టిన తల్లిదండ్రులకు భిలాయ్‌లో పుట్టిన పిల్లలు ఆ లెక్కలోకి రారు. ఇక్కడ ఆంధ్రావాళ్ళు, అక్కడ భిలాయ్‌వాళ్ళు. ముత్తాత ఊరి నుంచి పత్రం తెచ్చుకోగలిగితే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో అది పనికొస్తుంది. ఈలోగా కట్టాల్సిన కాలేజీ ఫీజుకు మాత్రం పనికిరాదు.

కులంతో ముడిపడని కేంద్ర స్కాలర్‌షిప్పు ఒకటుంది. పన్నెండో తరగతిలో తమ బోర్డులో తమ స్ట్రీమ్‌లో పైనున్న 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటని విద్యార్థులకు డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలిస్తారు. కొనసాగాలంటే 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. షరతు సమంజసంగానే కనిపిస్తుంది. కానీ బాగా చదివినంత కాలమే అందే సాయం అది. అతి కష్టమైన సెమిస్టరు గడిచాక, డబ్బు అందరికంటే ఎక్కువ అవసరమైనప్పుడే, అది ఆగిపోతుంది.

అడగడం తెలిసినవాళ్ళకు

తడబడే విద్యార్థిని కాలేజీలు పట్టించుకోవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. పదకొండు, పన్నెండో పంచవర్ష ప్రణాళికల కాలంలో, అంటే 2007-2017 మధ్య, యూజీసీ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ విద్యార్థుల రెమెడియల్ కోచింగ్‌కు కళాశాలలకు నిధులిచ్చింది. న్యాక్ బృందం కాలేజీకి వచ్చినప్పుడు నెమ్మదిగా నేర్చుకునేవారికి ఏం చేస్తున్నారనీ, ఎంతమందికి ఒక మెంటర్ ఉన్నారనీ అడుగుతుంది. కాబట్టి కాలేజీల దస్త్రాల్లో ఆ పేర్లూ సంఖ్యలూ ఉంటాయి. వైజాగ్‌లో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణంపై 2025 జూలైలో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. 2022లో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. 2017 నుంచి ఉన్న స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితంగానే దొరుకుతున్నాయి.

ఇన్ని ఉన్నా కుర్రాడు సప్లీ దాకా ఎందుకు వెళ్తాడు? వీటన్నిటికీ ముందు ఒక పని చేయాలి కాబట్టి. 'నాకు అర్థం కావడం లేదు' అని నోరు తెరిచి చెప్పాలి. కాంట్రాక్టు పనిలో అర్థం కాలేదన్నవాడికి మర్నాడు పిలుపు రాదు. తండ్రి నేర్చుకున్న ఆ పాఠాన్ని కొడుకు క్లాసురూముకు మోసుకొస్తాడు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాడికి మెంటర్ అంటే ఎవరో, ఆయన్ను ఎప్పుడు కలవచ్చో చెప్పేవారుండరు. లెక్చరరు తిట్టడానికే కాకుండా చెప్పడానికీ ఉంటారన్న సంగతి అతనికి తెలిసేసరికి రెండు సెమిస్టర్లు గడిచిపోతాయి.

నిజానికి ఖుర్సీపార్‌కు అడిగే అలవాటు లేకపోలేదు. పెళ్ళికి, చావుకు, ఆస్పత్రికి ఇక్కడివారు ఒకరినొకరు అడుక్కునే నెట్టుకొచ్చారు. చదువు విషయంలోనూ ఇప్పటికీ ఎక్కువగా పనిచేస్తున్నది ఆ పద్ధతే. ఏడాది ముందు అదే పేపరు గట్టెక్కిన సీనియర్ దగ్గర పాత ప్రశ్నపత్రాలుంటాయి. ఏ అధ్యాయం వదలకూడదో, ఏ మాస్టారు తలుపు తడితే పలుకుతారో అతనికి తెలుసు. ఇంగ్లీషు పేరాను ఇంటి తెలుగులో చెప్పి, హిందీలో రాయించగల అక్క ఏ సందులో ఉందో వెతికితే దొరుకుతుంది. ఈ సాయానికి పత్రం అక్కర్లేదు, మార్కుల షరతు లేదు.

దీనికున్న లోపం ఒక్కటే. పరిచయం ఉన్నవాడికే అది అందుతుంది. అమ్మాయి అయితే సాయంత్రం పక్క జోన్ దాకా పంపరు. కొత్తగా బస్తీకి వచ్చిన కుటుంబానికి సీనియర్ ఎవరో తెలియదు. ఒకప్పుడు కంపెనీ చేసిన పనిని ఇప్పుడు సందు ఒక్కటే మోస్తోంది. సెక్టార్ 5లోని బాలాజీ గుడి ఈ ఊరి తెలుగువారు కలిసి నిలబెట్టుకున్నదే. పండక్కి అంతమందిని కూడగట్టగలిగినవారికి వారానికి రెండు సాయంత్రాలు ఓ గది తెరిచి, రెండో ఏడాది విద్యార్థిని మొదటి ఏడాది విద్యార్థి పక్కన కూర్చోబెట్టడం తలకు మించిన పని కాదు. కాలేజీ తన మెంటర్ల పేర్లను దస్త్రంలోంచి తీసి నోటీసు బోర్డు మీద పెట్టడానికి నిధులేం అక్కర్లేదు.

చీకటి పడేసరికి జోన్లలోని ఇళ్ళ అరుగుల మీద పుస్తకాలు తెరుచుకుంటాయి. ఒకడు హిందీలో ప్రశ్న చదువుతాడు. ఇంకొకడు తెలుగులో వివరిస్తాడు. జవాబు మళ్ళీ హిందీలోనే రాస్తారు. ఏ అరుగు దగ్గర ఇది జరుగుతోందో తెలిసిన కుర్రాడు వచ్చే సెమిస్టరు గట్టెక్కుతాడు. తెలియనివాడు సప్లీ ఫారం నింపుతాడు.